గ్రీన్‌విల్ ఫైనల్, ఆ తర్వాత: కూతురితో కలిసి ఆట చూసే అమ్మానాన్నలకు

2024 మార్చి 10, ఆదివారం. సౌత్ కరోలినా రాష్ట్రంలోని గ్రీన్‌విల్‌లో సౌత్ ఈస్టర్న్ కాన్ఫరెన్స్ (ఎస్‌ఈసీ) అనే కాలేజీ జట్ల లీగ్ మహిళల బాస్కెట్‌బాల్ ఫైనల్ జరిగింది. సౌత్ కరోలినా యూనివర్సిటీ జట్టు 79-72తో ఎల్‌ఎస్‌యూను (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) ఓడించింది. అమెరికాలో ఆదివారం మధ్యాహ్నమంటే ఇండియాలో అర్ధరాత్రి దాటినట్టే. అందుకే అక్కడున్న తాతయ్యలకూ అమ్మమ్మలకూ ఆట కనిపించలేదు, తెల్లారాక వాట్సాప్‌లో కొద్ది సెకన్ల వీడియో కనిపించింది. ఆరడుగుల ఏడంగుళాల అమ్మాయి పరుగున వచ్చి మరో అమ్మాయిని కిందికి తోసేసే ముక్క అది. ఇలాంటిది చూశాక 'మీ అమ్మాయిని పంపేది ఈ ఆటకేనా?' అని ఫోన్ రాక మానదు. దానికి జవాబు చెప్పాలంటే ముందు మనకు ఆట తెలియాలి, ఆట అయ్యాక జరిగేవి అంతకన్నా బాగా తెలియాలి.

ఆట చూడటం కష్టమేమీ కాదు. పది నిమిషాల క్వార్టర్లు నాలుగు. పురుషుల కాలేజీ ఆటలోలా ఇరవై నిమిషాల సగాలు రెండు ఉండవు. బంతి చేతికొచ్చిన 30 సెకన్లలోపు షాట్ వేయాలి. ఒక క్వార్టర్‌లో జట్టు చేసిన ఫౌల్స్ ఐదుకు చేరితే అక్కడి నుంచి ఎదుటి జట్టుకు రెండేసి ఫ్రీ త్రోలు (ఎవరూ అడ్డుకోకుండా వేసే షాట్లు) వస్తాయి, కొత్త క్వార్టర్‌లో లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. ఒక్కరే ఐదు ఫౌల్స్ చేస్తే ఆమె ఆట ముగిసినట్టే. బంతి పురుషులు వాడేదానికన్నా చుట్టుకొలతలో ఒక అంగుళం చిన్నది, 28.5 అంగుళాలు. మీ అమ్మాయికి బంతి కొనేటప్పుడు '6 సైజు' అని అడగండి. ఇంట్లో అన్న ఆడుకునే 7 సైజు బంతితోనే సాధన చేస్తే మ్యాచ్‌లో చేతి అంచనా తప్పుతుంది.

కాన్ఫరెన్స్ టోర్నీ నాకౌట్, ఓడితే ఇంటికే. ఆ ఏడాది ఎస్‌ఈసీలో 14 జట్లున్నాయి. మొదటి నాలుగు సీడ్లు (లీగ్ దశలో ముగించిన స్థానాన్ని బట్టి ఇచ్చే వరుస) నేరుగా క్వార్టర్‌ఫైనల్స్‌కు వస్తాయి కాబట్టి శుక్ర, శని, ఆదివారాల్లో మూడు ఆటలు గెలిస్తే చాలు. అట్టడుగు సీడ్లకైతే ఐదు రోజుల్లో ఐదు గెలుపులు కావాలి. లీగ్ దశలో ఏ స్థానంలో ముగించామన్నదానికి ఇంత విలువ ఎందుకో ఇక్కడ తెలుస్తుంది. వారాంతంలో మూడో రోజు, మూడో ఆట, అలసిన కాళ్లు, చిటపటలాడే కోపాలు. చివరి క్వార్టర్‌లో గొడవ ఊరికే పుట్టలేదు.

గొడవకు ముందురోజు సెమీఫైనల్ చూడకపోతే కథ సగమే తెలిసినట్టు. టెన్నెసీ మీద సౌత్ కరోలినా ఓడిపోతోంది. ఆఖరి క్షణంలో ఆ జట్టు అమ్మాయి కమిలా కార్డోసో, అంటే వీడియోలోని ఆరడుగుల ఏడంగుళాల అమ్మాయే, మూడు పాయింట్ల షాట్ వేసింది, బంతి బోర్డుకు తగిలి లోపల పడింది, 74-73. కాలేజీ ఆటలో ఆమె వేసిన మొదటి మూడు పాయింట్ల బుట్ట అదే. శనివారం భుజాలకెత్తుకున్న అమ్మాయినే ఆదివారం కోర్టు బయటికి పంపించారు.

ఇక ఆ వీడియో. పిల్లలతో కూర్చుని ఆపి ఆపి చూడండి. చివరి క్వార్టర్‌లో ఇంకా 2 నిమిషాల 8 సెకన్లు ఉంది, సౌత్ కరోలినా 73-66 ఆధిక్యంలో ఉంది. సౌత్ కరోలినా అమ్మాయి మిలేసియా ఫుల్‌వైలీ బంతి లాక్కుంది. ఎల్‌ఎస్‌యూ అమ్మాయి ఫ్లౌజే జాన్సన్ ఆమెను పట్టి ఆపింది. బంతి కోసం కాకుండా మనిషినే ఆపితే అది కావాలని చేసిన ఫౌల్ అవుతుంది. ఎదుటి జట్టుకు రెండు ఫ్రీ త్రోలతో పాటు బంతి కూడా ఇస్తారు. విజిల్ మోగాక సౌత్ కరోలినాకే ఆడే ఆష్లిన్ వాట్కిన్స్, జాన్సన్ భుజాలు తగులుకున్నాయి. అప్పుడు కార్డోసో వచ్చి జాన్సన్‌ను తోసేసింది. బెంచీల మీదున్నవాళ్లు లేచి కోర్టులోకి వచ్చేశారు. ప్రేక్షకుల్లోంచి కూడా ఒక మనిషి కిందికి దూకాడు, అతన్ని పోలీసులు అరెస్టు చేశారు.

ఎవరికి ఏ శిక్ష ఎందుకు పడిందో పిల్లల చేతే చెప్పించండి. కొట్లాటకు దిగినవారిని ఆ ఆట నుంచి పంపేస్తారు, తర్వాతి ఆట కూడా ఆడనివ్వరు. అదే సీజన్‌లో రెండోసారి దిగితే ఇక ఆ సీజన్ మొత్తం పోయినట్టే. బెంచ్ మీద నుంచి లేచి కోర్టులో అడుగుపెట్టిన వాళ్లు ఎవరి మీదా చెయ్యి వేయకపోయినా ఆ ఆట నుంచి అవుట్. 'నేను విడదీయడానికే వెళ్లాను' అన్న మాటకు రిఫరీ దగ్గర విలువ ఉండదు. ఎవరు ఎందుకు లేచారో ఆ గందరగోళంలో తేల్చలేరు కాబట్టి నిబంధన అలా రాశారు. స్కూల్ జట్టులో ఆడే అమ్మాయికి ఇంట్లో చెప్పాల్సిన మొదటి మాట ఇదే: స్నేహితురాలిని ఎవరైనా తోసినా సరే బెంచ్ వదలొద్దు. పెద్దలకూ అంతే. గ్యాలరీలో నుంచి అరవడమే ఎక్కువ, కోర్టు గీత దాటితే అది పోలీసు కేసు.

మనలో మనం మాట్లాడుకోవలసిన సంగతి ఇంకొకటి ఉంది. ఆ జట్లలో ఎక్కువమంది నల్లజాతి అమ్మాయిలు. వీడియో చూసి 'వాళ్లంతే' అన్న మాట మన హాలు సోఫాల మీద వినిపించడం కొత్తేమీ కాదు. అదే జరిగింది రెండు తెల్ల జట్ల మధ్య అయితే 'ఆవేశంలో జరిగిపోయింది' అంటాం. పిల్లలు ఈ తేడాను వెంటనే పట్టేస్తారు, ఎందుకంటే రోజూ వాళ్ల పక్కన ఆడేది ఆ అమ్మాయిలే. చుట్టాలొచ్చినప్పుడు ఆ మాట వస్తే పిల్లల ముందే ఆపాలి, తర్వాత విడిగా సర్దిచెప్తే లాభం లేదు. కార్డోసో సంగతి చెప్తే వాదన లేకుండానే మాట మారుతుంది. ఆమెది బ్రెజిల్. పదిహేనేళ్లకు ఇంగ్లిష్ రాకుండా, తల్లిని వదిలి టెన్నెసీలోని ఒక హైస్కూల్‌కు ఆట కోసం వచ్చింది. పిల్లను ఒంటరిగా పరాయి దేశం పంపడమంటే ఏమిటో మన అమ్మమ్మలకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

ఫైనల్ అయిన తర్వాతి ఆదివారం సెలెక్షన్ సండే, జాతీయ టోర్నీ ఆడే జట్లను ప్రకటించే రోజు. కాన్ఫరెన్స్ కప్పు నిజంగా దేనికి పనికొస్తుందో ఆ రోజు తేలుతుంది. 2024లో జాతీయ టోర్నీకి 68 జట్లు. వాటిలో 32 స్థానాలు కాన్ఫరెన్స్ విజేతలకు, మిగిలిన 36 కమిటీ ఎంపికకు. ఎల్‌ఎస్‌యూ ఫైనల్ ఓడినా 3వ సీడ్‌తో లోపలికి వచ్చింది, ఎందుకంటే సీజనంతా పెద్ద జట్లతో ఆడి గెలిచిన రికార్డు ఉంది. చిన్న కాన్ఫరెన్స్‌లో అయితే తరచుగా విజేత ఒక్కరికే చోటు. ఏడాదంతా మొదటి స్థానంలో ఉండి ఫైనల్లో మూడు పాయింట్లతో ఓడితే తలుపు మూసుకున్నట్టే. అందుకే చిన్న కాన్ఫరెన్స్ ఫైనల్లో ఓడినవాళ్ల ఏడుపు పెద్ద కాన్ఫరెన్స్ వాళ్ల ఏడుపు లాంటిది కాదు. పిల్లలకు ఈ తేడా చూపించడానికి రెండు రకాల ఫైనల్సూ చూడాలి.

సస్పెన్షన్ కూడా జాతీయ టోర్నీలోకి వెంట వచ్చింది. సౌత్ కరోలినా మొదటి ఆట ప్రెస్బిటీరియన్ కాలేజీతో, ఆ జట్టు బిగ్ సౌత్ అనే చిన్న కాన్ఫరెన్స్ విజేత. కార్డోసో ఆడలేదు, అయినా 91-39తో గెలిచారు. మొదటి ఆట గట్టి జట్టుతో పడి ఉంటే ఆ ఒక్క తోపు సీజన్‌నే మింగేసేది. తర్వాత ఆమె తిరిగొచ్చింది. ఏప్రిల్ 7న క్లీవ్‌లాండ్‌లో అయోవాపై 87-75తో గెలిచి జట్టు 38-0తో సీజన్ ముగించింది. ఆ ఫైనల్లో ఆమె 15 పాయింట్లు, 17 రీబౌండ్లు (గురి తప్పిన బంతుల్ని అందుకోవడం) సాధించి, చివరి నాలుగు జట్ల దశ అయిన ఫైనల్ ఫోర్‌లో ఉత్తమ క్రీడాకారిణి అయింది. అయోవాతో జరిగిన ఆ ఆటను అమెరికాలో సగటున సుమారు 1.89 కోట్ల మంది చూశారు, ఆ ఏడాది పురుషుల ఫైనల్ కన్నా ఎక్కువ.

గొడవపడ్డ రెండు జట్ల కథ అక్కడితో ఆగలేదు. ఎనిమిది రోజులకే, ఏప్రిల్ 15న జరిగిన డబ్ల్యూఎన్‌బీఏ (అమెరికా మహిళల ప్రొఫెషనల్ లీగ్) డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వరుసగా కొత్త ఆటగత్తెలను ఎంచుకునే చోట, కార్డోసోను షికాగో స్కై మూడో స్థానంలో తీసుకుంది. అదే జట్టు ఏడో స్థానంలో ఎల్‌ఎస్‌యూ ముఖ్య క్రీడాకారిణి ఏంజెల్ రీస్‌ను తీసుకుంది. 2025లో ఫుల్‌వైలీ సౌత్ కరోలినా వదిలి ఎల్‌ఎస్‌యూకు మారి, తనను పట్టి ఆపిన జాన్సన్‌తోనే ఒకే జట్టులో చేరింది. ఇలా కాలేజీ మారడాలన్నీ ట్రాన్స్‌ఫర్ పోర్టల్ అనే నమోదు పద్ధతిలో జరుగుతాయి. సీజన్ ముగిసే వేళ కొన్ని రోజులు తెరుస్తారు. 'ఒకే కాలేజీలో నాలుగేళ్లు' అన్నది ఇప్పుడు మామూలు కాదు. కోచ్ మాట నమ్మి కాలేజీ ఎంచుకోకండి, రెండేళ్లకు కోచ్ ఉండకపోవచ్చు, అమ్మాయీ ఉండకపోవచ్చు. చదవాలనుకున్న కోర్సు మారిన కాలేజీలో క్రెడిట్లతో సహా నడుస్తుందా అన్నది ముందే చూడాలి.

ఇవన్నీ చూసి అమ్మాయి 'నేనూ అలా ఆడతాను' అంటే, ఆట కన్నా కాగితాలే ముందు దెబ్బతీస్తాయి. కాలేజీ ఆటల్లో పై స్థాయి అయిన డివిజన్ 1లో ఆడాలంటే హైస్కూల్‌లో ఎన్‌సీఏఏ (కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ) ఆమోదించిన 16 కోర్ కోర్సులు (ముఖ్య సబ్జెక్టులు) కావాలి, వాటిలో సగటు 4కు కనీసం 2.3 ఉండాలి. 16లో 10 చివరి ఏడాది మొదలయ్యేలోపే పూర్తవ్వాలి, ఆ పదిలో 7 ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్ నుంచే రావాలి. ఆ పది కోర్సుల మార్కులకూ అక్కడ తాళం పడిపోతుంది, తర్వాత మళ్లీ రాసి పెంచుకోలేరు. తొమ్మిదో తరగతి మొదలైన రోజు నుంచి నాలుగేళ్ల గడియారం నడుస్తుంది. మధ్యలో రెండేళ్లు హైదరాబాద్ వెళ్లి వచ్చి, ఇక్కడ ఒక తరగతి వెనక్కి వేయించే కుటుంబాలు చిక్కుకునేది ఇక్కడే: గడియారం వాళ్ల కోసం ఆగదు. ఇండియాలో చదివిన సంవత్సరాలకు తొమ్మిదో తరగతి నుంచి ప్రతి మార్కుల మెమో, బోర్డు సర్టిఫికెట్ దాచుకోవాలి.

జూలై సెలవులకూ ఒక లెక్క ఉంది. కాలేజీ కోచ్‌లు బయట టోర్నమెంట్లలో పిల్లల్ని చూసే ముఖ్యమైన రోజులు జూలైలో వస్తాయి. మన టిక్కెట్లు కూడా సరిగ్గా అప్పుడే. హైస్కూల్ రెండు, మూడో ఏడాది వేసవుల్లో ఇండియా ప్రయాణాన్ని డిసెంబర్‌కు మార్చుకోవడం మేలు. చెల్లెలి పెళ్లి ఉంటే వేరే సంగతి.

వీసా విషయం అన్నిటికన్నా తక్కువగా మాట్లాడుకుంటారు, ఎక్కువ ఖర్చు పెట్టిస్తుంది. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి కుటుంబానికిచ్చే వీసా) మీదున్న పిల్ల అథ్లెటిక్ స్కాలర్‌షిప్ తీసుకోవచ్చు, కానీ ఫెడరల్ ఆర్థిక సాయం దొరకదు. డివిజన్ 3లోనూ, హార్వర్డ్, యేల్ లాంటివి ఆడే ఐవీ లీగ్‌లోనూ అథ్లెటిక్ స్కాలర్‌షిప్‌లే ఉండవు. 21 నిండితే హెచ్-4 పోతుంది, గ్రీన్ కార్డ్ రాకపోతే విద్యార్థి వీసా ఎఫ్-1కు మారాలి. అంటే సరిగ్గా కాలేజీ ఆట మధ్యలో. 2021 జూలై నుంచి క్రీడాకారులు తమ పేరు, ఫొటోల మీద ప్రకటనల డబ్బు తీసుకోవచ్చు, జట్టులో తోటి అమ్మాయిలు తీసుకుంటారు కూడా. హెచ్-4 పిల్లకు పని అనుమతే లేదు, ఎఫ్-1 మీద బయటి పనికి కట్టుబాట్లు గట్టివి. ఒక దుకాణం కోసం ఉచిత బూట్లు వేసుకుని చేసిన చిన్న వీడియో కూడా 'పని' కింద లెక్కకు రావచ్చు. సంతకం పెట్టకముందే కాలేజీ అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్నీ ఇమ్మిగ్రేషన్ లాయర్నీ ఇద్దరినీ అడగండి. జట్టు వాళ్లు 'ఏం ఫర్లేదు' అన్నది లెక్కలోకి తీసుకోకండి, వీసా పోతే వాళ్లది పోదు.

ఆట చూడటానికి వెళ్లాలనుకుంటే ఫైనల్ టిక్కెట్ కోసం ఎగబడక్కర్లేదు. కాన్ఫరెన్స్ టోర్నీల్లో ముందు రోజుల టిక్కెట్లు సెషన్ల లెక్కన అమ్ముతారు, ఒక టిక్కెట్టు మీద రెండు ఆటలు చూడొచ్చు, సీట్లూ దగ్గరగా దొరుకుతాయి. మహిళల జాతీయ టోర్నీలో మొదటి రెండు రౌండ్లు మొదటి 16 సీడ్ల సొంత క్యాంపస్‌లలోనే జరుగుతాయి, కాబట్టి దగ్గర్లోని యూనివర్సిటీ మంచి జట్టు అయితే కారులో వెళ్లి రావచ్చు. చాలా అరీనాల్లోకి పారదర్శకమైన సంచులే అనుమతిస్తారు, పులిహోర డబ్బా కారులోనే ఉంచండి.