దీనికి ఛాసీ ఏదిరా?

పోయిన దసరాకు కదిరి దగ్గర మా చిన్నాన్న వేరుశనగ చేను చూడ్డానికి వెళ్తూ, రోడ్డు అయిపోయాక కూడా ఓ వంద గజాలు కారు పోనిచ్చాను. ముందు రాత్రి వాన పడింది. అయినా నాది ఎస్‌యూవీ కదా అన్న ధైర్యం. ముందు చక్రాలు రెండూ ఉన్నచోటే గిర్రున తిరిగి బంపరు దాకా బురదలో దిగబడ్డాయి. చిన్నాన్న తన పాత బొలెరో తెచ్చి, మోకు కట్టి లాగేశారు. ముడి విప్పుతూ నా కారు వెనక ఉన్న అక్షరాలను ఒకసారి కూడబలుక్కుని చదివారు. అంతే, ఏమీ అనలేదు.

మర్నాడు రెండు బండ్లనూ కదిరిలో వాటర్ సర్వీసింగ్‌కు ఇచ్చాం. ముందు బొలెరో ర్యాంపు ఎక్కింది. నీళ్లు కొట్టేకొద్దీ మట్టి రాలి, అడుగున రెండు పొడవాటి ఇనుప దూలాలు, వాటి మధ్య అడ్డకమ్మీలు బయటపడ్డాయి. అచ్చంగా పడుకోబెట్టిన నిచ్చెన. ఛాసీ అంటే అదే. ఇంజను, గేర్‌బాక్సు, వెనక కమాను పట్టీలు అన్నీ దానికే బిగించి ఉంటాయి. బాడీ దాని మీద బోల్టులతో కూర్చుంటుంది. లారీలు కట్టే పద్ధతీ ఇదే. తర్వాత నాది ఎక్కింది. చిన్నాన్న వంగి అటూ ఇటూ చూసి, "దీనికి ఛాసీ ఏదిరా?" అన్నారు.

లేదు. నేల, తలుపుల కింది గడపలు, స్తంభాలు, కప్పు కలిపి వెల్డింగ్ చేసిన పెట్టె అది. బరువు మోసేదీ ఆ పెట్టే. మోనోకాక్ అంటారు. మామూలు కార్లన్నీ ఇలాంటివే. వాటికి ఎత్తు పెంచి జీపు వేషం వేస్తే క్రాసోవర్.

ఈ వేషానికి రిహార్సల్ ఎప్పుడో జరిగింది. అమెరికాలో ఏఎంసీ సంస్థ 1979లో కాంకార్డ్ అనే ఇంటి కారునే పైకెత్తి, నాలుగు చక్రాలకూ శక్తి అందించి ఈగిల్ అని అమ్మింది. ఫొటోల్లో అది పంచె మోకాళ్ల దాకా ఎగగట్టి వాగు దాటుతున్న గుమాస్తాలా ఉంటుంది. నాకు భలే ఇష్టం. మొదటి క్రాసోవర్ అన్న పేరు మాత్రం టొయోటాకు దక్కింది. 1989 టోక్యో మోటార్ షోలో నమూనాగా చూపిన రావ్4ను 1994లో అమ్మకానికి తెచ్చింది. మూడు తలుపుల పొట్టి బండి, లోపలంతా కారు సరుకే. మరుసటి ఏడు సివిక్ కారు ఆధారంగా హోండా సీఆర్-వీ, 1997లో ఇంప్రెజా కారు ఆధారంగా సుబారు ఫారెస్టర్ వచ్చాయి. అంతవరకూ జీపు ఎత్తు కావాలనుకున్నవాళ్లు జీపు కుదుపులు కూడా భరించాల్సి వచ్చేది.

మా జిల్లాలోనే, పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ నుంచి 2019లో బయటికొచ్చిన సెల్టోస్ కూడా మోనోకాకే. అదే కియా 1993లో తెచ్చిన మొదటి స్పోర్టేజ్‌కు ఛాసీ ఉండేది. 2004లో రెండో తరం వచ్చేసరికి తీసేశారు. 2023లో జీఎస్టీ మండలి పెద్ద యుటిలిటీ వాహనాల మీద అప్పట్లో ఉన్న సెస్సుకు, అంటే అదనపు పన్నుకు, కొలతలు తేల్చింది: పొడవు 4 మీటర్లు, ఇంజను 1500 సీసీ దాటాలి, ఖాళీ బండి నేలకు కనీసం 170 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాలి. ఛాసీ ఊసే లేదు.

ఆ వారంలోనే అనంతపురంలో పెళ్లి. చిన్నాన్న బొలెరో ఇంటిదగ్గరే పెట్టి నా కారెక్కారు. ముదిగుబ్బ దాటకముందే వెనక సీట్లోంచి గురక మొదలైంది.