ఫ్రీ రూమ్ వెనక లెక్క: అట్లాంటిక్ సిటీలో నా అనుభవం

న్యూజెర్సీ ఎడిసన్‌లో మా బావ మాటల్లో సగం అట్లాంటిక్ సిటీ గురించే. "రూమ్ ఫ్రీ, భోజనం ఫ్రీ, ఇంకేం కావాలిరా?" అంటాడు. కెసినో వాడు ఊరికే ఎందుకిస్తాడు? అది తేల్చుకుందామనే నేనూ ఆటగాళ్ళకి కెసినో ఇచ్చే సభ్యత్వ కార్డు తీసుకున్నాను.

కార్డుదేముంది, 21 ఏళ్ళు నిండినట్టు గుర్తింపు చూపిస్తే కౌంటర్లో అక్కడికక్కడే ఇస్తారు. సీజర్స్ రివార్డ్స్ కార్డు ఒకటుంటే సీజర్స్, హారాస్, ట్రాపికానా మూడింటిలోనూ చెల్లుతుంది. బోర్గాటాకి ఎంజీఎం వాళ్ళ కార్డు వేరే. సీజర్స్‌లో స్లాట్ మిషన్ మీద 5 డాలర్ల పందేనికి ఒక టియర్ క్రెడిట్ (కార్డు హోదా పెంచే పాయింటు) వస్తే, మిషన్ మీద ఐదు ముక్కలతో ఆడే వీడియో పోకర్‌లో 10 డాలర్లకి గానీ రాదు. నన్ను పట్టుకున్నది ఈ తేడానే. తనకి తక్కువ మిగిలే చోట కెసినో తక్కువ ఇస్తోందన్నమాట.

మనం నిజంగా ఎంత పోగొట్టుకున్నామన్నది వాళ్ళకి అంత ముఖ్యం కాదు. వేసిన పందెం మొత్తాన్ని ఆ ఆటలో కెసినో వాటాతో హెచ్చవేసి, ఎంత పోవాలో లెక్కకడతారు. దాన్ని 'థియో' అంటారు. అందులో కొంత భాగమే రూమ్‌గా, భోజనంగా, ఫ్రీ ప్లేగా (మిషన్ మీద ఊరికే ఆడుకోనిచ్చే డబ్బుగా) తిరిగొస్తుంది. ఆట మీదే బతికేవాళ్ళు అతి తక్కువ పోయే మిషన్ వెతుక్కుని, తిరిగొచ్చేదాన్ని దానికి కలుపుకుంటారు.

వీడియో పోకర్‌లో ఒక రకమైన జాక్స్ ఆర్ బెటర్ మిషన్లన్నీ పైకి ఒకేలా ఉంటాయి. ఫుల్ హౌస్‌కి (ఒకే అంకెవి మూడు, ఇంకో జత) కాయిన్‌కి 9, ఫ్లష్‌కి (ఐదూ ఒకే రంగు గుర్తువి) 6 ఇచ్చేదాన్ని తప్పుల్లేకుండా ఆడితే 99.54 శాతం తిరిగొస్తుంది. అదే 8, 5 ఇచ్చేదైతే 97.30. క్వార్టర్ (పావు డాలర్) మిషన్ మీద ఆటకి ఐదు కాయిన్లతో గంటకి 600 చేతులు, అంటే 600 ఆటలు, ఆడితే పందెం 750 డాలర్లు. మొదటిదాని మీద సగటున పోయేది దాదాపు మూడున్నర డాలర్లు, రెండోదాని మీద ఇరవై. పాయింట్లు మాత్రం రెంటికీ ఒకటే! నేను మిషన్ మిషన్‌కీ ఆగి పట్టిక చూస్తుంటే "ఆడటానికొచ్చావా, చదవడానికొచ్చావా?" అని బావ విసుక్కున్నాడు.

ఆ 99.54 ఊరికే రాదు. ఇంట్లో కంప్యూటర్ మీద సాధన చెయ్యాల్సొచ్చింది. జాకీల జత, దాంతో నాలుగు ఇస్పేట్లు పడితే జత ఉంచుకోవాలి. ఐదుల జత అయితే దాన్ని వదిలి ఇస్పేట్లు పట్టుకోవాలి. పైగా ఆ 99.54లో దాదాపు రెండు శాతం, అన్నిటికంటే పెద్ద చేయి అయిన రాయల్ ఫ్లష్‌దే. అదేమో సుమారు 40,000 చేతులకి ఒకసారి పడుతుంది. అది పడేదాకా చేతిలో డబ్బు ఆగాలి. ఆగనివాళ్ళు ఈ పనికి దిగకపోవడమే మంచిది.

నేను ఆలస్యంగా తెలుసుకున్నది రోజు సగటు సంగతి. ఆఫర్లు చాలావరకు మనం ఆడిన రోజుల సగటు చూసి పంపుతారు. అరగంట కాలక్షేపానికి మిషన్‌లో కార్డు పెట్టి ఆడితే ఆ సగటు పడిపోతుంది. అందుకే ఆటంతా ఎక్కువ పాయింట్లిచ్చే రోజుకి దాచుకుంటాను. ఫ్రీ ప్లే ఆ 9/6 మిషన్ మీదే ఖర్చు పెడతాను.

డిసెంబర్లో బావకి సీజర్స్ కార్డులో పై హోదా అయిన డైమండ్ మోజు పట్టింది. కావలసిన 15,000 క్రెడిట్లకి ఇంకా 2,000 తక్కువ. స్లాట్ల మీద అయితే 10,000 డాలర్ల పందెం. పది శాతం పోయినా వెయ్యి డాలర్లు. న్యూజెర్సీ నిబంధన ప్రకారం స్లాట్ 83 శాతం తిరిగిస్తే చాలు కాబట్టి, ఇంకా ఎక్కువే పోవచ్చు. ఆ కార్డుతో అంత విలువ వస్తుందని నేననుకోను. వెళ్ళొద్దన్నాను. వెళ్ళాడు.

నాకిప్పుడు వారం మధ్యలో రూమ్, కాస్త ఫ్రీ ప్లే వస్తున్నాయి. దీంతో ఇల్లు గడవదు. దీన్నే వృత్తిగా పెట్టుకున్నవాళ్ళు డాలర్ మిషన్ మీద గంటకి 3,000 డాలర్లు తిప్పుతారు. వాళ్ళకి రాయల్ పడితే 4,000 డాలర్లు, చేతికందే ముందు పన్నుకోసం డబ్ల్యూ-2జీ ఫారం. నా క్వార్టర్ మిషన్ రాయల్ 1,000 డాలర్లే, దానికి ఆ ఫారం అక్కర్లేదు.