మెయిన్స్ ప్రపంచ చరిత్ర: జర్మన్ సైన్యం అధ్యాయాన్ని నేను చదివిన తీరు

సివిల్స్ మెయిన్స్ జనరల్ స్టడీస్ మొదటి పేపరులో ప్రపంచ యుద్ధాలకు చాలామంది మిత్రులు కారణాలు, ఫలితాల వరకే నోట్సు రాసుకుంటారు. నేను మాత్రం జర్మన్ సైన్యానికి విడిగా ఒక నోటుపుస్తకం పెట్టుకుని, ఎడమ పేజీలో సంఘటనను, కుడి పేజీలో తరువాతి తరాలు దానిని చెప్పుకున్న తీరును రాస్తూ వెళ్లాను. బిస్మార్క్ యుద్ధాలు, సైన్యాన్ని లక్ష మందికి పరిమితం చేసిన వెర్సైల్స్ సంధి ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి కనుక వాటిపై ఎక్కువ సమయం వెచ్చించనక్కరలేదు.

అసలు సరుకంతా 1945 తరువాతే ఉంది. నేరాలన్నీ నాజీ పార్టీ సాయుధ విభాగమైన ఎస్.ఎస్. దళాలవేననీ, వేర్‌మాఖ్ట్ అనే సాధారణ సైన్యం కేవలం యుద్ధమే చేసిందనీ ఒక వాదన దశాబ్దాల పాటు చెలామణి అయింది. నాజీ నాయకులను విచారించిన న్యూరెంబర్గ్ కోర్టు తీర్పు సైనిక హైకమాండును నేర సంస్థగా ప్రకటించకపోవడం, హాల్డర్ వంటి మాజీ జనరళ్లు అమెరికా సైన్యం కోసమే యుద్ధ చరిత్ర రాయడం, ప్రచ్ఛన్న యుద్ధంలో పశ్చిమ జర్మనీకి మళ్లీ సైన్యం అవసరమై 1955లో బుండెస్‌వేర్ ఏర్పడడం, ఇవన్నీ ఆ వాదనకు కలిసివచ్చాయి. అయితే జర్మన్ల చేతికి చిక్కిన సుమారు 57 లక్షల సోవియట్ యుద్ధఖైదీలలో దాదాపు 33 లక్షల మంది చనిపోయారు, వారి శిబిరాలలో అత్యధికం సైన్యం నిర్వహించినవే. నా దృష్టిలో ఆ వాదనను కూల్చడానికి ఈ అంకెలే చాలు.

హాంబర్గ్ పరిశోధన సంస్థ 1995లో మొదలుపెట్టిన ఫొటో ప్రదర్శన ఈ విషయాన్ని జర్మన్ ఇళ్లలోకి తీసుకెళ్లింది. కొన్ని ఫొటోల వివరణలు తప్పని చరిత్రకారులు చూపడంతో 1999లో దానిని ఆపి, 2001లో సవరించి మళ్లీ తెరిచారు. సైన్యం నేరాలలో పాలుపంచుకుందన్న నిర్ధారణ మాత్రం మారలేదు. ఎథిక్స్ పేపరుకూ పనికొచ్చే ఉదాహరణ ఇది.

వర్తమానానికి రెండు అంశాలు చాలు. జర్మన్ రక్షణ శాఖ 2018 నాటి ఆదేశం ప్రకారం వేర్‌మాఖ్ట్ ఒక సంస్థగా నేటి సైన్యానికి వారసత్వం కాజాలదు. 1944 జూలై 20న హిట్లర్‌పై హత్యాయత్నం చేసిన వేర్‌మాఖ్ట్ అధికారి స్టౌఫెన్‌బర్గ్ వంటి వ్యక్తులను మాత్రం స్మరించుకోవచ్చు. రెండవది డ్రెస్డెన్ సైనిక మ్యూజియం. పాత ఆయుధాగారాన్ని చీల్చుకుని బయటికి వచ్చినట్లుండే లోహపు కట్టడాన్ని డేనియల్ లీబెస్‌కిండ్ రూపొందించగా, 2011లో అది తిరిగి తెరుచుకుంది.

ఇంతవరకు సిద్ధమైనవారు జపాన్‌కూ ఇలాగే రెండు పేజీలు తెరిచి, 1978లో 14 మంది ‘ఏ’ శ్రేణి యుద్ధ నేరస్థులను చేర్చుకున్న, యుద్ధమృతులను స్మరించే యాసుకుని మందిరంతో పోలుస్తూ 250 పదాల జవాబు రాసి చూడండి.