నగాంబీలో ఆగిన అరగంట

షెపర్టన్‌లో బంధువులను చూసి మెల్‌బోర్న్‌కు తిరిగివస్తూ, ఈ సాయంత్రం టీ కోసం ఆస్ట్రేలియాలోని నగాంబీ అనే చిన్న ఊళ్ళో కారు ఆపాము. సరస్సు దగ్గర బ్లాక్ కావియర్ అనే పందెపు గుర్రం కంచు విగ్రహం ఉంది. ఆ ఆడగుర్రం 2006 ఆగస్టు 18న ఈ ప్రాంతంలోనే పుట్టింది. మా అమ్మాయి విగ్రహం మూతిని నిమురుతూ, "ఇది ఎప్పుడూ ఓడిపోలేదా నాన్నా?" అని అడిగింది. ఇరవై అయిదు పందేలు పరుగెత్తితే ఇరవై అయిదూ గెలిచిందని చెప్పాను గాని, ఆ జవాబు నాకే చాలదనిపించి, ఫోనులో 2012 జూన్ 23న ఇంగ్లండులోని ఆస్కాట్‌లో జరిగిన పందెం చూపించాను.

సుమారు 1,200 మీటర్ల ఆ పందెంలో గమ్యం దగ్గరపడుతుండగా, గెలుపు ఖాయమైందనుకున్న దాని జాకీ (స్వారీ చేసేవాడు) ల్యూక్ నోలెన్ చేతులు వదులుచేసి కదలకుండా కూర్చున్నాడు. అంతలో ఫ్రాన్సు నుంచి వచ్చిన మూన్‌లైట్ క్లౌడ్ పక్కన దూసుకురావడంతో, అతడు ఉలిక్కిపడి గుర్రాన్ని ఉరికించేందుకు మళ్ళీ చేతులు ఆడించాడు. కావియర్ కేవలం గుర్రం తలంత తేడాతో గట్టెక్కింది. ఆ తప్పు తనదేనని నోలెన్ బాహాటంగా ఒప్పుకున్నాడు. అందుకు అతనిపై నాకు గౌరవం పెరిగింది. అయితే ఆనాటి పందెంలో గుర్రం వెనుక భాగపు కండరాలు చిరిగాయని పరీక్షల్లో తరువాత తేలింది. అంత దూరం విమానంలో ప్రయాణించి, అలవాటులేని గడ్డపై, ఆ నొప్పితో గెలిచిన ఆ తలంత గెలుపే దాని జీవితంలో గొప్పదని నా గట్టి నమ్మకం.

శిక్షకుడు పీటర్ మూడీ దానికి నెలల తరబడి విశ్రాంతినిచ్చాడు. మళ్ళీ బరిలోకి దిగిన 2013 ఫిబ్రవరిలో, మెల్‌బోర్న్‌లోని ఫ్లెమింగ్టన్ పందెపు మైదానంలో 1,000 మీటర్లను 55.42 సెకన్లలో పరుగెత్తి, పాతికేళ్ళ పాత రికార్డును చెరిపేసింది. ఏప్రిల్‌లో సిడ్నీలోని రాండ్విక్‌లో చివరి పందెం గెలిచి పందేల నుంచి విశ్రమించింది.

గిట్టల వ్యాధితో 2024 ఆగస్టు 17న, పద్దెనిమిదో పుట్టినరోజుకు ఒక్క రోజు ముందు, పిల్లను ఈనిన రోజునే అది కన్నుమూసిందని చెప్పినప్పుడు మా అమ్మాయి విగ్రహం మీది చేయి తీయలేదు. కారెక్కాక తనే ఫోను అడిగి తీసుకుని, ఆ పందెపు చివరి క్షణాలను దారిలోని సీమోర్ ఊరు దాటేదాకా ఆపి ఆపి చూస్తూ కూర్చుంది.