కోడి కూసిన చోట

యెరూషలేము యాత్రకు బయలుదేరే నాటికి నా మీద నింద పడి నాలుగు నెలలు. మా సంఘంలో సహాయ నిధి లెక్కలు ఆరేళ్ళుగా నేనే రాస్తున్నాను. అందులో డబ్బు తగ్గిందని, అది నా చేతుల్లోనే తగ్గిందని ఒకావిడ సంఘ పెద్దలకు రాసి ఇచ్చింది. పరాయి మనిషి కాదు. మా ఇంట్లో నా పక్కన మోకరించి ప్రార్థన చేసిన మనిషి. పెద్దలు నన్ను లెక్కలు రాసి ఇమ్మన్నారు. వాళ్ళు అడిగింది లెక్కలు, నేను రాసింది పదకొండు పేజీలు. నిద్ర పట్టని ప్రతి రాత్రీ లేచి ఇంకో పేరా చేర్చేదాన్ని. ఆ కాగితాలు మడిచి బైబిల్లో పెట్టుకునే విమానం ఎక్కాను.

"దేవుడే చూసుకుంటాడు" అని చాలామంది అన్నారు. వాళ్ళలో కొందరు నా కళ్ళలోకి చూడకుండా అన్నారు. నింద మోసినవాళ్ళకు ఆ తేడా బాగా తెలుస్తుంది.

మొదటి రెండు రోజులూ ఏం చూశానో సరిగ్గా గుర్తు లేదు. గెత్సేమనేలో ఒలీవ చెట్ల ముందు అందరూ కన్నీళ్ళు పెట్టుకుంటుంటే, ఏడో పేజీలో ఒక వాక్యం ఇంకా గట్టిగా రాయాల్సిందని ఆలోచిస్తూ నిలబడ్డాను. మూడో రోజు ఉదయం సీయోను కొండ తూర్పు వాలు మీద పేతురు పేరున ఉన్న గుడికి వెళ్ళాం. గల్లికంటు అంటారు దాన్ని. లాటిన్‌లో కోడికూత అని అర్థం. ప్రభువును బంధించిన రాత్రి, కోడి కూసేలోపు ఆయన ఎవరో తెలియదని శిష్యుడైన పేతురు మూడుసార్లు బొంకింది ఇక్కడేనంటారు. ఇప్పటి కట్టడాన్ని 1931లో ప్రతిష్ఠించారు. శిఖరం మీద బంగారు రంగు కోడిపుంజు ఉంటుంది. ప్రధాన యాజకుడు కయప ఇల్లు ఇక్కడే ఉండేదని సంప్రదాయం. కాదు, కొండ మీద ఇంకా పైన అనే పండితులూ ఉన్నారు. గుడి పక్కనే కిద్రోను లోయ వైపు దిగే పాత రాతి మెట్లున్నాయి. గెత్సేమనేలో బంధించిన ప్రభువును ఆ మెట్ల మీదుగానే తెచ్చి ఉంటారని చెబుతారు.

ముంగిట్లో పేతురు విగ్రహం ఉంది. పక్కన పనికత్తె, సైనికుడు, స్తంభం మీద కోడి. కింద లాటిన్‌లో పేతురు మాట చెక్కారు: నేను అతన్ని ఎరుగను.

ఆ రాత్రి ఒకే ఇంట్లో రెండు ఆరోపణలు జరిగాయి. లోపల ప్రభువు మీద అబద్ధ సాక్షులు నిలబడ్డారు. మార్కు సువార్త చెప్పినట్టు, వాళ్ళ సాక్ష్యాలు ఒకదానికొకటి సరిపడలేదు కూడా. బయట పేతురు మీద పడ్డ ఆరోపణ మాత్రం నిజం: నువ్వూ అతనితో ఉన్నవాడివే. అబద్ధం ఎదుట ఆయన ఊరకున్నాడు. నిజం ఎదుట పేతురు ఒట్లు పెట్టుకున్నాడు. నాలుగు నెలలుగా ఈ భాగం చదివిన ప్రతిసారీ నేను లోపలే, ప్రభువు పక్కనే నిలబడి చదువుకున్నాను. పేతురు ఉన్న వైపు ఒక్కసారైనా తిరిగి చూడలేదు.

గుడి కింద రాతిని తొలిచిన గుహలున్నాయి. వాటి అడుగున లోతైన గుంట. ఇప్పుడు దిగడానికి మెట్లు ఉన్నాయి గానీ, పైకప్పులో ఒక రంధ్రం కనిపిస్తుంది. ఖైదీని తాళ్ళు కట్టి అందులోంచే దించేవారట. గోడల మీద బైజాంటిన్ కాలపు శిలువ గుర్తులున్నాయి. ప్రభువును ఆ రాత్రి ఇందులో ఉంచారని సువార్తల్లో ఎక్కడా లేదు. అయినా తరతరాలుగా యాత్రికులు ఇక్కడికి దిగుతూనే ఉన్నారు. వచ్చినవాళ్ళు చదువుకోవడానికి 88వ కీర్తనను ఎన్నో భాషల్లో అక్కడ ఒక పీఠం మీద ఉంచారు.

మా గుంపులో అందరికంటే పెద్దావిడ నా బైబిలు అందుకుని, "నేను చదువుతాను, ఇవి నువ్వు పట్టుకో తల్లీ" అంటూ అందులోని కాగితాలు తీసి నా చేతిలో పెట్టింది. అవేమిటో చూడలేదు, అడగలేదు. ఆవిడ మెల్లగా, తడబడకుండా చదువుతోంది. కీర్తనల్లో చాలావాటికి చివర ఎక్కడో ఒక వెలుగు ఉంటుంది. దీనికి లేదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అన్నచోట ఆగిపోతుంది. ఆవిడా అక్కడే ఆగి బైబిలు మూసింది. ఎవరూ మాట్లాడలేదు. నా అరచేతి చెమటకు పై పేజీ తడిసి మెత్తబడింది.

పైకి వచ్చి ఆ పాత మెట్ల దగ్గర కూర్చున్నాను. అప్పుడు పేతురు తన మొదటి పత్రికలో రాసిన మాట గుర్తొచ్చింది. దూషించినా ఆయన తిరిగి దూషించలేదు, బాధపెట్టినా బెదిరించలేదు, "న్యాయముగా తీర్పు తీర్చు దేవునికి తన్నుతాను అప్పగించుకొనెను." ఇది రాసింది పేతురు! ఆ రాత్రి చలిమంట దగ్గర నిలబడి తనను కాపాడుకోవడానికి అబద్ధమాడినవాడు. నోటితో తనను తాను కాపాడుకుంటే ఏమవుతుందో అతనికి తెలిసినంతగా ఎవరికి తెలుసు?

దేవుణ్ణి నమ్ముకోవడమంటే నోరు మూసుకోవడమని నాకు కొందరు చెప్పారు. నేను ఒప్పుకోను. బంట్రౌతు చెంప మీద కొడితే, నేను చెడుగా మాట్లాడి ఉంటే అదేమిటో చూపించు అని ప్రభువే అడిగాడు. నీవు క్రీస్తువా అని ప్రధాన యాజకుడు అడిగితే, అవునన్నాడు. తన మీద నేరం మోపినప్పుడు అపొస్తలుడైన పౌలు రోమా చక్రవర్తి కైసరుకే చెప్పుకుంటానన్నాడు. అడిగినదానికి నిజం చెప్పడం అవిశ్వాసం కాదు. ఆయన చేయనిది వేరే ఉంది. కయప గుట్టు ఆయనకు తెలియకనా? ఒక్క మాట బయటపెట్టలేదు.

కాగితాలు విప్పాను. మొదటి రెండు పేజీల్లో తేదీలు, మొత్తాలు, రసీదు నంబర్లు. మూడో పేజీ నుంచి లెక్కలు లేవు. అంతా ఆవిడే. ఆరో పేజీలో, కొన్నేళ్ళ క్రితం ఆవిడ ఏడుస్తూ నాతో చెప్పుకున్న సంగతి ఉంది. ఎవరికీ చెప్పనని మాట ఇచ్చి విన్న సంగతి. అది నా చేతిరాతలో, అక్షరం వంకర పోకుండా, కింద రెండు గీతలతో ఉంది.

మన తెలుగు బైబిల్లో సాతానుకు అపవాది అని పేరు. ప్రకటన గ్రంథం అతణ్ణి మన సహోదరుల మీద రాత్రింబగళ్ళు నేరం మోపేవాడంటుంది. యోహాను మొదటి పత్రికలో యేసుక్రీస్తుకు ఉత్తరవాది అని పేరు, తండ్రి దగ్గర మన పక్షాన మాట్లాడేవాడు. ఎవరైనా పాపం చేస్తే మనకు ఉత్తరవాది ఉన్నాడు అంటుంది ఆ వాక్యం. నిర్దోషులకు ఉన్నాడు అనలేదు. అంటే ఆవిడకూ ఆయనే ఉత్తరవాది. తొమ్మిది పేజీల పాటు నేను చేసింది ఏ వాది పనో ఆ మెట్ల మీద నాకు తెలిసింది. వాటిని అక్కడే చింపేశాను. ముక్కలు సంచిలో వేసుకుంటుంటే చేతులు వణికాయి. నన్ను కాపాడేవి ఆ పేజీలేనని నాలుగు నెలలుగా నమ్మాను మరి.

తర్వాత ఇశ్రాయేలు మ్యూజియంలో రెండు రాళ్ళు చూశాం. ఒకటి 1990లో యెరూషలేములో దొరికిన ఎముకల పెట్టె, దాని మీద కయప పేరు గీసి ఉంది. రెండోది 1961లో కైసరయలో దొరికిన శిల, దాని మీద ప్రభువుకు శిలువ శిక్ష వేసిన రోమా అధిపతి పిలాతు పేరు. తీర్పు చెప్పిన ఇద్దరూ ఒకే కప్పు కింద ఉన్నారు. వాళ్ళ తీర్పును దేవుడు మూడో రోజే కొట్టేశాడు. కానీ నన్ను పట్టుకున్న విషయం ఇంకొకటి. లేచిన ప్రభువు కయప ఇంటికి వెళ్ళినట్టు గానీ, పిలాతు ముందు నిలబడి ఇప్పుడేమంటావని అడిగినట్టు గానీ సువార్తల్లో లేదు. తోటలో ఏడుస్తున్న మరియ దగ్గరికి వెళ్ళాడు. తలుపులు వేసుకున్న శిష్యుల దగ్గరికి వెళ్ళాడు. సముద్రతీరాన బొగ్గుల నిప్పు మీద చేపలు కాల్చి పేతురును భోజనానికి పిలిచాడు.

తిరిగి వచ్చాక ఆ రెండు పేజీలకు రసీదులు జతచేసి పెద్దలకు ఇచ్చాను. కొన్నాళ్ళకు విచారణకు పిలిచారు. ఆవిడ నాకు ఎదురుగా కూర్చుంది. నన్ను నాలుగు ప్రశ్నలు అడిగారు. నాలుగింటికీ జవాబు చెప్పి, వెళ్ళవచ్చునన్నాక లేచి వచ్చాను.