భారం అన్నందుకు

2016 ఏప్రిల్. వేల్స్‌లోని పోర్ట్ టాల్బోట్ ఉక్కు కర్మాగారంతో సహా బ్రిటన్ వ్యాపారాన్నంతా టాటా స్టీల్ అమ్మజూపుతోందన్న కబురు తెలిసి పది రోజులు కూడా కాలేదు. నేనక్కడ ఒక కాంట్రాక్టు సంస్థ తరఫున పనిచేసేవాణ్ణి. మధ్యాహ్నం భోజనాల దగ్గర అన్నీ తెలిసినవాడిలా ఒక మాట అన్నాను. "కొనేవాళ్లు ఎవరో ఒకరు వస్తారు. ఆ పింఛను భారమే అడ్డం."

ఎదురుగా ఉన్న ఫోర్‌మన్ చెంచా కింద పెట్టారు. ముప్ఫై నాలుగేళ్ల సర్వీసు ఆయనది. "భారం అనకు. అది నేను పనిచేసి, ఇంకా చేతికి తీసుకోని జీతం" అన్నారు. గొంతు పెంచలేదు. ఆ వారమంతా పని మాటలు తప్ప నాతో మరో మాట మాట్లాడలేదు.

నాకు రోషం వచ్చింది. యజమాని మన దేశపు సంస్థ కనుక ఆ మాట నా దేశాన్నే అన్నట్టు తోచింది. రాత్రి గదిలో ఆయనకు చెప్పాల్సిన జవాబులన్నీ నాలో నేనే చెప్పుకున్నాను. టాటా 2007లో ఈ కర్మాగారం అప్పటి యజమాని కోరస్‌ను దాదాపు 620 కోట్ల పౌండ్లు పెట్టి కొన్నది. ఆ పింఛను పథకం అంతకు ఎంతో ముందుది. 1967లో ఉక్కు పరిశ్రమను జాతీయం చేసినప్పుడు అందులో రెండున్నర లక్షలమందికి పైగా ఉండేవారు. తర్వాత కర్మాగారాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి, పింఛనుదారులు మిగిలారు. 2016 నాటికి పథకంలో సుమారు 1,30,000 మంది సభ్యులుంటే, కొలిమి దగ్గర నిలబడేవాళ్లు కొన్ని వేలే.

పింఛను నిధిలో డబ్బు లేక కాదు. దాదాపు 1,400 కోట్ల పౌండ్లున్నాయి. అయినా లోటు ఎందుకంటే, రాబోయే దశాబ్దాలన్నిటిలో ఇవ్వాల్సిన పింఛన్లను ఈనాటి విలువకు లెక్కగడతారు. ఆ లెక్కకు బాండ్ల వడ్డీ ఆధారం. వడ్డీ పడిపోతే, రేపు ఇవ్వాల్సిన అదే పింఛను కోసం ఈరోజు ఎక్కువ సొమ్ము పక్కన పెట్టాలి. 2008 సంక్షోభం తర్వాత వడ్డీలు తగ్గుతూనే వచ్చాయి. ఎవరూ ఒక్క పౌండు కాజేయకపోయినా లోటు పెరుగుతూ పోతుంది. కొనేవాడికి కొలిమి కావాలి, రోలింగ్ మిల్లు కావాలి. ఆ లెక్క అక్కర్లేదు. ఆ ఏడాదే ఇంగ్లండులోని టాటా స్కంథార్ప్ విభాగం ఒక్క పౌండుకు చేతులు మారింది. పాత పింఛను బాధ్యత మాత్రం ఆ బేరంలో వెళ్లలేదు.

ఈ లెక్కలన్నీ నాకు తెలుసు. తెలియనిది కార్డిఫ్ సంగతి. పోర్ట్ టాల్బోట్‌కు గంట దూరంలో ఉన్న ఆ ఊళ్లో 2002 జూలైలో అలైడ్ స్టీల్ అండ్ వైర్ అనే ఉక్కు సంస్థ దివాలా తీసింది. నిధిలో ఉన్నదాంట్లో ముందు వంతు అప్పటికే రిటైరైనవాళ్లది. ఇంకా పనిలో ఉన్నవాళ్లు, దశాబ్దాలపాటు చందా కట్టినవాళ్లు కూడా, తమ పింఛనులో చాలా భాగం పోగొట్టుకున్నారు. తర్వాత ఒక స్పెయిన్ సంస్థ ఆ ప్లాంటును కొన్నది. కొలిమి మళ్లీ వెలిగింది. పింఛను హామీ దాని వెంట రాలేదు. ఆ కార్మికులు ఏళ్ల తరబడి వీధికెక్కి పోరాడారు. సంస్థ దివాలా తీస్తే పింఛన్లను ఆదుకునే పింఛన్ల రక్షణ నిధి 2005లో వచ్చిందంటే అలాంటివాళ్ల గోడు వల్లనే. అది చదివాక ఆయన చెంచా ఎందుకు కింద పెట్టారో నాకు అర్థమైంది.

మా నాన్నగారు బడిపంతులుగా రిటైరయ్యారు. ఒకటో తారీఖు దాటి రెండు రోజులైతే ఇంట్లో అందరం బ్యాంకు వైపే చూసేవాళ్లం. ఆయన ముందు ఎవరైనా "మీ పింఛను భారం" అని ఉంటే నేను ఊరుకునేవాణ్ణా?

2017 ఆగస్టులో ఒప్పందం కుదిరింది. టాటా 55 కోట్ల పౌండ్లు, తన బ్రిటన్ వ్యాపారంలో 33 శాతం వాటా పథకానికి ఇచ్చి దాని నుంచి విడిపోవాలి. సభ్యులు డిసెంబరులోగా తేల్చుకోవాలి. రక్షణ నిధిలోకి వెళ్తే, ఇంకా రిటైరు కానివాళ్లకు పదో వంతు కోత, 1997కు ముందటి సర్వీసుకు ఏటా పెంపు లేదు. పాతదాని స్థానంలో పెట్టే కొత్త పథకంలో చేరితే కోత లేదు, పెంపు మాత్రం మునుపటికంటే తక్కువ. మూడో దారి, మొత్తం సొమ్ము బయటికి తీసుకుపోవడం. ఆర్థిక సలహాదారులు ఊరి మీద వాలారు. దాదాపు 8,000 మంది ఆ దారి పట్టారు. వాళ్లకందిన సలహాల్లో సగానికి దగ్గరగా తప్పుడువని నియంత్రణ సంస్థ తర్వాత తేల్చింది.

నవంబరులో ఒక సాయంత్రం షిఫ్టు అయ్యాక ఫోర్‌మన్ నా బల్ల దగ్గరకు వచ్చి కూర్చున్నారు. చేతిలో ఆ ఫారాలు. "నువ్వు లెక్కల మనిషివి. ఒకసారి చూడు" అన్నారు. అప్పటికి ఆయనకు యాభై ఏడేళ్లు. పేజీ పేజీ ఇద్దరం కలిసి చదివాం. ఏం చేయమని నేను చెప్పలేదు, చెప్పే అర్హత నాకు లేదు. ఏ గడిలోని అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందో మాత్రం చూపించాను. ఆయన కొత్త పథకం గడిలో గుర్తు పెట్టి, సంతకం చేసి, కవరు అంటించి నా చేతికిచ్చారు.

"నీ దారిలోనే కదా పోస్టు డబ్బా."