మా నాన్న గడ్డం

గత వారం బడి నుంచి ఫోను వచ్చింది. "పద్యం చెప్పమని లేపితే పాప ఏడుపు ముఖం పెడుతోందండీ, ఇంట్లో ఏమైనా ఇబ్బందా?" అని టీచరు ఆదరంగానే అడిగారు. మర్నాడు వెళ్లి నా గడ్డం చూపించాను. అప్పటికే అది వణుకుతోంది.

కింది పెదవి దిగువన చర్మం నారింజ తొక్కలా గుంటలు పడి, సన్నగా అదురుతుంది. ఒకసారి నిమిషంలో ఆగుతుంది, ఒకసారి చాలాసేపు పోదు. నొప్పి ఉండదు. పెదవిని పైకి నెట్టే మెంటాలిస్ అనే చిన్న కండరం మన ప్రమేయం లేకుండా బిగుస్తూ వదులుతూ ఉండడమే ఇది. వైద్యులు జీనియోస్పాజమ్ అంటారు.

పసితనంలోనే నాకు ఇది కనిపించిందట. కడుపుతో ఉండి గ్రహణం నాడు బయట తిరిగిందని బంధువులు అమ్మను ఆడిపోసుకున్నారు. ఆ మాట ఆమె ఇరవై ఆరేళ్లు మోసింది. చివరికి న్యూరాలజిస్టు నన్ను చూసి, నాన్నను గడ్డం గీయించుకుని రమ్మన్నారు. పెళ్లికి ముందు నుంచీ గుబురుగా పెంచిన గడ్డం అది. తెల్లగా బయటపడిన చర్మం మీద అదే వణుకు! "మా అమ్మకూ ఉండేది" అన్నారు నాన్న మెల్లగా. అమ్మ ఆయన ముఖంలోకే చూస్తూ కూర్చుంది. అన్నేళ్లూ ఆయన నోరు విప్పకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పుట్టే ప్రతి బిడ్డకూ సగం అవకాశం, ఆడైనా మగైనా. 1997లో పరిశోధకులు ఒక కుటుంబంలో దీని జాడను 9వ క్రోమోజోమ్‌ మీద పట్టారు. మరో కుటుంబంలో అక్కడ దొరకలేదు. మా అన్నయ్యకు రాలేదు, ఆయన పిల్లలకూ లేదు. భయం, సంతోషం, ఏకాగ్రత వణుకును రేపుతాయి, అంతే. జబ్బును పుట్టించేవి అవి కావు.

నడివయసులో ముఖానికి ఒక పక్కనే, కంటి దగ్గర మొదలై మూతి దాకా పాకే ఈడ్పులు వేరు. వాటిలో ఎక్కువగా మెదడు కాండం దగ్గర రక్తనాళం ముఖ కండరాలను కదిలించే ఏడో కపాల నాడిని ఒత్తుతుంది. అవి వంశంలో రావడం చాలా అరుదు. అలాంటివి మొదలైతే వైద్యుడికి చూపించుకోవాలి.

మా వణుకు చాలామందికి వయసుతో తగ్గుతుంది. మరీ ఇబ్బందైతే కండరాన్ని సడలించే బొటులినమ్ ఇంజెక్షన్ కొన్ని నెలలు ఆపుతుంది. పాపకు ఇప్పుడే అవేమీ వద్దనుకున్నాం. వణుకు చూసి కూర్చోబెట్టవద్దని మాత్రం టీచరును కోరాను. నిన్న పద్యం నాలుగు పాదాలూ గడ్డం అదురుతుండగానే చెప్పిందట.